మల్లేశ్వర్ ఏ ఒడ్డు నుంచి వచ్చాడు

ఏటిగడ్డపల్లి, తాండూరు దగ్గర
జూన్ మొదటి వారం

అంబిక వదినకు,

ఫోన్ చేస్తే నీకు వినపడదు. నేను అరిచి చెబితే అంగన్‌వాడీలో పడుకున్న పిల్లలు లేచి ఏడుస్తారు. అందుకే కాగితం పట్టుకున్నాను. నీ చెవి మిషను బాగుచేయించావా, ఇంకా గుయ్యిమంటోందని సంచిలోనే పడేసి తిరుగుతున్నావా?

అసలు సంగతి చెబుతాను. మన కాగ్నా ఏటి మీద పెద్ద వంతెన అయిపోయింది. ఎన్నేళ్లుగా సాగదీశారో నీకు తెలుసు. ఇక ఎంత వాన పడ్డా బాలింతల్ని ట్రాక్టరు ట్యూబు మీద దాటించే బాధ లేదు. ఆ పనిలోనే పాత కట్టె వంతెన మొద్దులు కూడా పీకేశారు. నీళ్లు తగ్గినప్పుడల్లా నల్లగా బయటికి కనబడేవి చూడు, అవే. మిషనుతో లాగుతుంటే ఊరంతా ఒడ్డు మీద నిలబడి చూశాం. పొయ్యిలోకి కూడా పనికిరావన్నారు. అయినా ఎవరి ముక్క వాళ్లు ఇంటికి తీసుకుపోయారు.

మొగులప్ప మామ ఊరిని కూడగట్టి ఒక మాట అన్నాడు. వంతెన మొదట్లో అన్న పేరుతో రాయి నిలబెడతారట. తాండూరు బండే, మంచి పాలిష్‌ది. “ఏటి వరదలో ప్రాణాలు కాపాడి తన ప్రాణం ఇచ్చిన వీరుడు మల్లేశ్వర్” అని చెక్కిస్తారు. అన్న పోయిన ఇన్నేళ్లకు ఊరికి ఈ బుద్ధి పుట్టినందుకు నాకు ఏడుపు ఆగలేదు. దసరా దాటాక పెట్టుకుందాం అంటున్నారు. రాయి మీది గుడ్డ నీ చేత తీయించాలని అందరి కోరిక. ఆయన భార్యవు నువ్వుండగా ఇంకెవరు తీస్తారు?

వస్తున్నానని ఒక ముక్క రాయి.

నీ ఆడబిడ్డ
కొండమ్మ


వికారాబాద్
జూన్ చివర

కొండమ్మకు,

ఉత్తరం అందింది. హాస్టల్ తెరిచారు. కొత్త పిల్లలు చేరారు. తోడుగా ఉన్న వంటామె కాలు విరిగి ఇంట్లో కూర్చుంది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం గుగ్గిళ్లు, రాత్రి మళ్లీ అన్నం. గంజి వార్చి నడుము ఎత్తేసరికి ఇంకో పూట వస్తుంది. దసరా తర్వాత సెలవు దొరకదు.

చెవి మిషను పెట్టుకోవడం లేదు. తాండూరులో బండల పాలిష్ మిషను దగ్గర పోయిన చెవులు ఇవి. దేనికీ తిరిగి రావు. వినపడకపోవడం అలవాటైంది. పిల్లలు ఏం కావాలన్నా పళ్లెం చూపిస్తారు.

రాయి పెట్టుకోండి. మంచిదే. గుడ్డ నువ్వే తీయి. తోడబుట్టినదానివి.

అంబిక


ఏటిగడ్డపల్లి
జూలై

అంబిక వదినకు,

నీ ఉత్తరం నాలుగు ముక్కలుంది. చదవడానికి పట్టిన సేపు కంటే దాని గురించి ఆలోచించిన సేపు ఎక్కువ.

నొచ్చుకోకు, ఒక మాట అడుగుతాను. ఈ ఊరు నీకేం చేసింది? అన్న పోయిన ఏడాదికే ఇల్లు విడిచావు. ఏటేటా ఆయన పేరు మీద అన్నం పెట్టుకుంటాం, ఒక్కసారీ రాలేదు. అమ్మ పోయినప్పుడు పొద్దున వచ్చి మాపటికి వెళ్లిపోయావు. మా అమ్మ నోరు మంచిది కాదు, నాకు తెలుసు. పిల్లలు కాలేదని నిన్ను ఎన్ని మాటలన్నదో విన్నాను. ఆమె పోయి కూడా చాలా ఏళ్లయింది. ఇంకా ఎవరి మీద అలుగుతావు?

మొన్న వాన దంచింది. ఏరు ఎర్రగా పొర్లుతుంటే పిల్లలకు చూపించి ఆ రోజు సంగతి మళ్లీ చెప్పాను. ప్రతి ఏడూ చెబుతాను. వాళ్లకు మా అన్న కథే పాఠం. బిచ్చయ్య మామ బతికున్నప్పుడు తన కళ్లతో చూసినట్టు ఎలా చెప్పేవాడో అలాగే చెబుతాను. “నేను ఒడ్డు మీదనే ఉన్న. అలీమాబీ సంకల పిల్లగాన్ని ఏసుకొని కట్టె వంతెన నడుమ ఇరుక్కున్నది. పలకలు కొట్టుకపోయినయ్. ఎవ్వడు అడుగేస్తలేడు. గప్పుడు మల్లేశ్వర్ మన ఒడ్డు నుంచి ఉరికిండు, పులి ఉరికినట్టు. తల్లిని, పిల్లగాన్ని ఆ ఒడ్డుకు చేర్చిండు. ఇంకెవరన్న ఉన్నరేమోనని మళ్ల వంతెన మీదికొచ్చిండు. గంతే, దూలాలు ఇరిగినయ్.” ఆ మాట దగ్గరికి రాగానే పిల్లలు నోళ్లు తెరిచి ఉండిపోతారు.

ఆ పిల్లగాడు అఫ్సర్ ఇప్పుడు తాండూరులో ఆటో నడుపుతున్నాడు. ముగ్గురు పిల్లల తండ్రి. రాయి పెట్టే రోజు తల్లిని తీసుకొస్తానన్నాడు. వాళ్లే వస్తుంటే నువ్వు రాకపోతే ఊరు ఏమనుకుంటుంది? నాకేమనిపిస్తుంది?

కొండమ్మ


వికారాబాద్
ఆగస్టు

కొండమ్మకు,

జ్వరంతో పడుకున్నాను. వార్డెన్ రెండు రోజులు వంటకు రావద్దంది. పని లేకుండా పడుకుంటే తల తిరిగి తిరిగి అక్కడికే పోతోంది. నువ్వు అడిగావు కదా, ఊరు నాకేం చేసిందని. ఊరు నన్ను వీరుడి భార్యను చేసింది. మోయలేకపోయాను.

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు కూడా చెప్పలేదు. నువ్వు రమ్మని మళ్లీ మళ్లీ రాయకుండా ఉంటే నీకూ చెప్పేదాన్ని కాదు.

ఆ రోజు తెల్లవారగానే మీ అన్న ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. వరదకు ముందే. నువ్వూ అత్తా పాకలో గొర్రెల దగ్గర ఉన్నారు. వాన అప్పటికి రెండు రోజులుగా కురుస్తోంది. నేను రొట్టెలు చేస్తున్నాను. ఆయన సంచి సర్దుకుని వచ్చి పొయ్యి పక్కన నిలబడ్డాడు. పుణెలో కట్టడం పనికి పోతున్నానన్నాడు. “పంట కోతలకు వస్తవా?” అన్నాను. “రాను. నా కోసం ఎదురుజూడకు. మీ అమ్మోళ్ల ఇంటికన్న పో, ఇంకో పెండ్లన్న చేసుకో. నాకు ఇంట్ల ఉండబుద్ధి అయితలేదు” అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అంటే తిట్టేదాన్ని. చాలా రోజులు మోసిన మూట దించినట్టు అన్నాడు. మీ అమ్మ ఆయనకు ఇంకో పిల్లను చూస్తోందని నాకు తెలుసు. ఆ పెళ్లి ఆయనకు ఇష్టం లేదు. అలాగని నా పక్కన నిలబడి తల్లికి ఎదురు చెప్పడమూ చేతకాలేదు. ఇద్దరి మధ్యా నలిగి నలిగి, ఇద్దరినీ వదిలిపెట్టే దారి చూసుకున్నాడు. గొంగడి దండెం మీదే వదిలేశాడు. గొర్ల కాపరి గొంగడి వదిలి పోయాడంటే అర్థం ఏమిటో నీకు చెప్పాలా?

నేను ఉండమనలేదు. రెండు రొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చాను. తీసుకున్నాడు. వానలో వంతెన దాటి పోవడం గడప దగ్గర నిలబడి చూశాను. అవతల అలీమాబీ వాళ్లాయన కరీముద్దీన్ చాయ్ హోటల్ దాకా కనిపించాడు. ఆ తర్వాత కనిపించలేదు.

మధ్యాహ్నానికి ఏరు పైకి వచ్చింది. నువ్వు పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని గుట్ట మీది బడికి లాక్కుపోయావు. “అన్న ఏడి?” అని అడిగావు. “బయటికి పోయిండు” అన్నాను. సాయంత్రానికి బిచ్చయ్య మామ ఏడుస్తూ వచ్చి ఆయన కథ చెప్పాడు. జోరు వాన, మంది గుంపు. ఎటునుంచి ఉరికాడో ఎవరు సరిగా చూశారు? మన ఊరివాడు కనుక మన ఒడ్డు నుంచే ఉరికాడన్నారు.

పదకొండో రోజు అయ్యాక కరీముద్దీన్ ఒక సంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. రెండు అంగీలు, లుంగీ, గడ్డం గీసుకునే సామాను. “మల్లేశ్వర్ మా దుకాణంల పెట్టిండమ్మా” అన్నాడు. తల ఎత్తలేదు.

ఇప్పుడు చెప్పు. నన్ను వదిలి పోయినవాడు పరాయి మనిషిని కాపాడుతూ చనిపోయాడు. అందరూ నా కాళ్లకు మొక్కి “నీ మొగుడు దేవుడమ్మా” అన్నారు. నాకు ఆయన్ను తిట్టుకునే దారి లేదు. ఏడ్చే దారి కూడా లేదు. ఏ మొహంతో ఏడవాలి? పొద్దున విడిచిపోయినవాడి కోసమా, సాయంత్రం దేవుడైనవాడి కోసమా? ఆ రాయి పక్కన నిలబడితే మళ్లీ అదే మొహం పెట్టుకోవాలి. నా వల్ల కాదు కొండమ్మా. అలసిపోయాను.

అంబిక


ఏటిగడ్డపల్లి
ఆగస్టు

అంబికకు,

చదివాను. నువ్వు రావడం ఇష్టం లేకపోతే రాకు. కానీ చనిపోయినవాడి మీద ఇలా రాయడానికి చెయ్యి ఎలా వచ్చింది? మాకు మిగిలింది ఆయన పేరు ఒక్కటే. మా అన్న ఎవరినీ వదిలి పోయే మనిషి కాదు.

నీ కాగితం పొయ్యిలో పెట్టాను. ఇక రాయకు.

కొండమ్మ


వికారాబాద్
సెప్టెంబరు

కొండమ్మకు,

రాయకన్నావు. అయినా రాస్తున్నాను. పేపర్లో తాండూరు చుట్టుపక్కల వాగులన్నీ పొంగాయని వేశారు. ఇక్కడ అనంతగిరి గుట్టలు నాలుగు రోజులుగా మబ్బులోనే ఉన్నాయి. ఊరికే ఉన్నా తడి కట్టెల పొగ వాసన వచ్చినట్టే ఉంటోంది. గ్యాసు మీద వండుతున్నా ఎందుకో ఆ వాసన పోదు.

పిల్లలకు ఏమీ కాలేదు కదా? నీ ఇల్లు కురుస్తోందా? వార్డెన్‌తో ఫోన్ చేయించాను, కలవడం లేదు. నా మీద కోపం ఉండనీ. బాగున్నామని ఒక్క ముక్క రాసి పడేయి.

అంబిక


ఏటిగడ్డపల్లి
సెప్టెంబరు చివర

వదినా,

బాగున్నాం. ఏరు ఊరి కింది పొలాల్లోకి వచ్చింది. కంది చేలు మునిగాయి. పాత హరిజనవాడ వైపు రెండు గోడలు కూలాయి. మనుషులకు ఏమీ కాలేదు. కరెంటు పోయి ఫోన్లు పనిచేయలేదు. పెద్ద వంతెన మీద నిలబడి చూశాను. నీళ్లు ఎక్కడో కింద పోతున్నాయి. ఆ రోజున ఇలాంటిది ఉంటే అని అనుకోని మనిషి లేడు అక్కడ.

నీ కాగితం పొయ్యిలో పెట్టానని రాశాను. పెట్టలేదు. పెట్టబోయి బియ్యం డబ్బాలో పెట్టాను. రోజూ తీసి చదివాను. చదివిన ప్రతిసారీ నువ్వు అబద్ధం చెబుతున్నావని గట్టిగా అనుకున్నాను. ఆఖరుకు అది అబద్ధమని తేల్చుకుందామనే తాండూరు పోయాను. కరీముద్దీన్ చనిపోయి చాలాకాలమైంది కదా. అలీమాబీ ఉంది. కొడుకు దగ్గరే ఉంటోంది. మోకాళ్లు పనిచేయవు. మంచం మీద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది. నన్ను చూడగానే పక్కన కూర్చోబెట్టుకుని చాయ్ పెట్టించింది.

నేను తిప్పకుండా అడిగాను. “అమ్మా, ఆ దినం మా అన్న ఏ ఒడ్డు నుంచి వచ్చిండు?”

ఆమె వెల్లుల్లి పక్కన పెట్టింది. “ఎవరన్న ఏమన్న అన్నరా బిడ్డా?”

“నువ్వే చెప్పాలె.”

“మా దుకాణం దిక్కు నుంచి వచ్చిండు. నేను మీ ఊరి దిక్కు నుంచి పోతున్న. నడుమ పలక ఇరిగి కాలు ఇరుక్కున్నది. సంకల వీడు. మా ఆయన ఒడ్డు మీద నిలవడి అల్లా అల్లా అని మొత్తుకుంటుండు. గాయనకు ఈత రాదు. మీ అన్న బండి కోసం మా దుకాణంల కూసున్నడు. చాయ్ గ్లాసు గట్లనే పెట్టి ఉరికిండు. నా ఎదురుంగనే వచ్చిండు బిడ్డా. నేను ఆయన మొఖం చూసుకుంటనే ఉన్న.”

వదినా, నువ్వు చెప్పింది నిజమేనని అప్పుడు తెలిసింది. లేచి వచ్చేద్దామనుకున్నాను. ఆమె నా కొంగు పట్టుకుంది. “కూసో. అడిగినవు గద, మొత్తం విను” అన్నది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“నన్ను, పిల్లగాన్ని ఒడ్డు మీద పెట్టిండు. మా ఆయన కాళ్ల మీద పడ్డడు. గప్పటికే నీళ్లు వంతెన మీదికెల్లి పోతున్నయ్. మీ అన్న అటు మీ ఊరి దిక్కు చూసిండు. మీ ఇల్లు ఏటికి దగ్గర గద, గోడ దాకా నీళ్లొచ్చినయ్. ‘అంబిక ఇంట్ల ఒక్కతే ఉన్నది’ అన్నడు. నేను చెయ్యి పట్టుకున్న. ‘పోకు భాయ్, ఊరోళ్లు ఉన్నరు, వాళ్లు తీస్కపోతరు’ అన్న. ‘దానికి ఎవ్వరు లేరు. పొద్దున నేను గూడ లేకుంట చేసొచ్చిన’ అన్నడు. చెయ్యి ఇడిపించుకొని పోయిండు. సగం దాకా పోయిండు. ఇగ గంతే బిడ్డా.”

నువ్వు అప్పటికి మాతో బడిలో ఉన్నావు. నేనే నిన్ను తీసుకుపోయాను. ఆయన ఖాళీ ఇంటి కోసం వచ్చాడు వదినా.

“ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?” అని అలీమాబీ మీద అరిచాను. పాపం ఆమె మీద అరిచి ఏం లాభం?

“ఎట్ల చెప్పాలె? పాతికేండ్లు గూడ లేవు ఆ పిల్లకు. నీ కోసం వచ్చి సచ్చిండు అంటే అది బతుకుతుండెనా? మీ అమ్మ సంగతి నాకు తెల్వదా? గా మాట ఆమె చెవిల పడితే మొగుణ్ని మింగినవని పిల్లను నిలువనిస్తుండెనా? ఊరోళ్లు మంది కోసం పోయిండంటే అననీ అనుకున్నం. మా ఆయన సంచి ఇచ్చొచ్చినంక మూడు రోజులు అన్నం తినలేదు. చెప్పొద్దు, ఎన్నడు చెప్పొద్దు అన్నడు.”

ఇప్పుడు నీకు చెప్పాలా వద్దా అని నేనూ చాలా ఆలోచించాను. ఆమె దాచింది నీ మంచికే. కానీ నువ్వు ఆ పొద్దున ఒక్కటి పట్టుకుని ఇన్నేళ్లు బతికావు. ఆ మాపు నీకు తెలియదు. తెలియాలి అనిపించింది. తప్పయితే తిట్టు.

నీ
కొండమ్మ


వికారాబాద్
అక్టోబరు

కొండమ్మా,

నీ ఉత్తరం వచ్చిన రోజు పప్పు మాడింది. ఈ హాస్టల్‌లో చేరాక మాడడం అదే మొదలు. పిల్లలు పాపం ఏమీ అనకుండా తిన్నారు.

వెంటనే జవాబు రాయలేకపోయాను. సంతోషించాలా? నా కోసం వచ్చాడు అనుకుంటే గుండె కుదుటపడాలి కదా. పడటం లేదు. కోపం మీద బతికాను నేను. పాలిష్ మిషను దగ్గర రాళ్ల నీళ్లలో కాళ్లు నాని పాచిపోతుంటే, చెవుల్లో ఆ రొద తప్ప ఇంకేమీ లేకుండా పోతుంటే, “నువ్వు పోతే నేను చావలేదు చూడు” అని ఆయనతో అనుకుంటూ నిలబడ్డాను. ఆ కోపం నాకు అన్నం పెట్టింది. ఇప్పుడు నువ్వు దాన్ని తీసేసుకున్నావు. చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఇంకో మాట కూడా అనుకుంటున్నాను. ఆ రోజు ఆయన దాటి వచ్చి ఉంటే ఏమయ్యేది? నన్ను గుట్ట మీదికి చేర్చి, వరద తగ్గాక, మళ్లీ సంచి కోసం కరీముద్దీన్ దుకాణానికి పోయేవాడేమో. మర్నాడే బండి ఎక్కేవాడేమో. ఒక మనిషి మునిగిపోతుందని పరుగెత్తడం వేరు, ఆ మనిషితో కాపురం చేయడం వేరు. ఆయన మనసు ఎంతవరకు తిరిగిందో అలీమాబీకి తెలియదు, నీకు తెలియదు, నాకు తెలియదు. ఆయనకైనా తెలుసో లేదో.

నువ్వు తీసుకుపోయి నన్ను బతికించావు. ఖాళీ ఇల్లు అని రాసి నిన్ను నువ్వు కాల్చుకోకు. అందులో నీ తప్పు లేదు. ఆయనదీ లేదు. నీళ్లు ఎవరినీ అడిగి రావు.

అలీమాబీకి చెప్పు, ఆమె మీద నాకు కోపం లేదు. నిజంగా ఆ మాట అప్పుడు తెలిసి ఉంటే నేను ఏట్లో దూకేదాన్ని. ఆమె సరిగ్గానే లెక్క వేసింది.

రాయి సంగతి మీ ఇష్టం. ఊరికి ఒక కథ కావాలి, ఉండనీ. పిల్లలకు నువ్వు చెప్పేది చెప్పుకో. నేను ఆ రోజు రాను. నలుగురిలో నా మొహం ఎలా ఉంటుందో నాకే తెలియదు.

అంబిక


ఏటిగడ్డపల్లి
అక్టోబరు చివర

వదినా,

రాయి పెట్టారు. మైకు, షామియానా, పక్క ఊళ్ల నుంచి జనం. మొగులప్ప మామ నా చేత గుడ్డ తీయించాడు. నన్ను మాట్లాడమన్నాడు.

నేను బిచ్చయ్య మామ కథే చెబుదామని లేచాను. ఏటేటా చెప్పేదే కదా, నోటికి వచ్చు. మైకు పట్టుకున్నాక ఎదురుగా కుర్చీలో అలీమాబీ కనిపించింది. కథ నోట్లోనే ఆగిపోయింది. “మా అన్న ఆ ఒడ్డు నుంచి వచ్చిండు. అలీమాబీని తీసి ఒడ్డున పెట్టిండు. తర్వాత మా వదిన ఇంట్ల ఉన్నదనుకొని ఆమె కోసం వస్తుంటే వంతెన ఇరిగింది” అన్నాను. అంతే అన్నాను. పొద్దున సంగతి చెప్పలేదు. ఆ ఒడ్డున ఎందుకున్నాడో చెప్పలేదు. అది నీది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మొగులప్ప మామ నా చేతిలో మైకు తీసుకుని, “గవన్ని గిప్పుడెందుకు బిడ్డా” అని గొణిగాడు. బిచ్చయ్య మామ కొడుకు లేచి తన తండ్రి అబద్ధం చెప్పాడంటున్నావా అని గొడవకు వచ్చాడు. “మీ నాయిన వానల చూసిండు, దూరం నుంచి చూసిండు, గంతే” అన్నాను. అతను అన్నం తినకుండా పోయాడు. నేను ఇప్పుడు ఊళ్లో కొందరికి చెడ్డదాన్ని. ఫరవాలేదు.

కానీ భోజనాల దగ్గర ముసలివాళ్లు ఒక్కొక్కరే నా పక్కకు చేరారు. ఆ రోజు ఎవరు ఎక్కడున్నారో, ఎవరి కోసం ఎవరు వెతికారో చెప్పుకున్నారు. ఈరయ్య తన ఎడ్ల తాళ్లు కోసి వదిలేసి, తర్వాత వాటి కోసం ఒడ్డు పట్టుకుని ఎంత దూరం పోయాడో చెప్పి ఏడ్చాడు. ఇన్నేళ్లు మా అన్న కథే చెప్పుకుంటూ మిగతావాళ్ల గోడు అడగలేదు మేం. చాలా మాట్లాడుకుని, చివరకు అందరికీ నోళ్లు ఎండిపోయి, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు.

జనం లేని రోజు రా. ఎవరికీ చెప్పను.

కొండమ్మ


వికారాబాద్
నవంబరు

కొండమ్మా,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన పోయినేటి కందులు ఎండబెట్టాను.

నువ్వు తాండూరు స్టేషన్లో నా మొహం చూసి భయపడుతూ వెళ్లావు. అందుకే వెంటనే రాస్తున్నాను. వంతెన మీద నేను ఏమీ మాట్లాడలేదని, ఏడవలేదని నీకు బాధ కలిగి ఉంటుంది. మన ఇల్లు ఉన్నచోట సర్కారు తుమ్మలు మొలిచాయి. వాటిని చూశాను, ఏటిని చూశాను. అలీమాబీ నా మణికట్టు పట్టుకుని ఏదో అంటూనే ఉంది, సగం వినపడలేదు. నాకు ఆకలి వేసింది తప్ప ఇంకేమీ అనిపించలేదు. ఇంత దూరం దీనికోసమా వచ్చాను అనుకున్నాను.

నువ్వు దిగి వెళ్లాక బండి కదిలింది. కిటికీ పక్కన కూర్చున్నాను. తాండూరు పొలిమేర కూడా దాటలేదు, ఏడుపు మొదలైంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. నాకు వినపడదు కదా, ఎంత గట్టిగా ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. బోగీలో జనం తిరిగి చూస్తుంటే తెలిసింది.

ఎదురుగా ఒకామె, కూరగాయల బుట్టతో ఉంది. లేచి నా పక్కకు వచ్చి కూర్చుంది. ఏదో అడిగింది. చెవి చూపించాను. మొహం దగ్గరగా పెట్టి, నెమ్మదిగా అడిగింది. పెదవులు చూసి అర్థం చేసుకున్నాను.

“ఎవరు పోయిండ్రమ్మా?”

“మా ఇంటాయన” అన్నాను.

“అయ్యో. ఎన్నడు?”

ముప్పై ఏళ్లు దాటిందని చెప్పబోయాను.

“మొన్ననే” అన్నాను.

ఆమె తన బుట్ట కిందికి దించి, పక్కవాళ్లను జరగమని, నా తల తన ఒళ్లో పెట్టుకుంది. వికారాబాద్ వచ్చేదాకా అలాగే పడుకున్నాను.

నీ వదిన
అంబిక